కోపమునకు గడువు

గృహస్థులలో కోపము రానివాడు లేడు. వర్తకము చేయువానికైతే దినమునకు పది కారణములు దొరకును. సరకు వేళకు రాదు. వచ్చినది తూకము తగ్గును. అరువు తీసికొన్నవాడు ఎదురుపడినపుడు వీధి మారును. గుమాస్తా చిట్టాలో వ్రాసినది ఆవర్జాలో ఎక్కించుట మరచును. సాయంకాలము ఇల్లు చేరువేళకు ఆ కోపమంతయు భార్యమీదనో, పిల్లలమీదనో దిగును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యని పెద్దలన్నది ఇదియే.

కోపము తగదను సంగతి ఎవ్వరికిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. సుమతీ శతకములో కోపమును గూర్చిన పద్యము చిన్ననాడు వల్లెవేయని తెలుగుబిడ్డ అరుదు. మైసూరు సీమలో స్థిరపడినను, అరవనాట స్థిరపడినను, ఒరిస్సాలో స్థిరపడినను తెలుగువారు ఆ పద్యమును వెంట తీసికొనియే పోయిరి. అయినను కోపము తగ్గలేదు. తెలియక కోపపడువారు తక్కువ; తెలిసియే కోపపడువారు ఎక్కువ. కావున కోపము మంచిదా చెడ్డదా యనునది ఇచ్చట ప్రశ్న కాదు. వచ్చిన కోపమును ఏమి చేయవలెను? కోపములో నున్నవానికి హితవు చెప్పువాడు ఏమి చెప్పవలెను? ఇదియే ప్రశ్న.

హితవు చెప్పుట నేడొక వృత్తి యైనది. దానిని కౌన్సెలింగు అందురు. 1984లో వచ్చిన కుటుంబ న్యాయస్థానముల చట్టము, భార్యాభర్తల తగవులు విచారించు కోర్టులలో ఇట్టి సలహాదారులుండుటకు ఏర్పాటు చేసినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలిమానస్ అను సదుపాయమును ప్రారంభించినది. 14416 అను నెంబరుకు ఫోను చేసి, రుసుము లేకయే, తెలుగులోను మనసులోని బాధ చెప్పుకొనవచ్చును. పూర్వము ఈ పని ఇంటి పెద్దయు, సంఘపు పెద్దయు, చాతుర్మాస్యమునకు ఊరిలో నిలిచిన మునివర్యుడును చేయుచుండిరి.

సామాన్యముగా హితవు చెప్పువారు రెండు విధములు. ఒకరు “పోనిమ్ము, సర్దుకొనుము” అందురు. వారి మాట విన్నవాడు కోపమును మ్రింగును గాని జీర్ణించుకొనలేడు. మరియొకరు “నీ కోపము న్యాయమే, వానికట్లే కావలెను” అందురు. వారి మాట నిప్పులో పోసిన నేయి. మొదటివారు గాయము చూడకయే కట్టు కట్టుదురు; రెండవవారు గాయమును కెలుకుదురు. ఇరువురును స్నేహితులే, ఇరువురును మంచికోరువారే. అయినను కోపము మాత్రము అట్లే యుండును.

జైన శాస్త్రకారులు ఈ విషయమున ఒక సూక్ష్మము గ్రహించిరి. క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగింటికి కషాయములని పేరు. ఆత్మకు కర్మము అంటుకొనునట్లు చేయు జిగురు ఇవియే. ఇందు ఒక్కొక్కదానిని వారు నాలుగు తరగతులు చేసిరి. క్రోధమునకు వారు చెప్పిన పోలికలు పామరునకును అర్థమగునవి. సంజ్వలన క్రోధము నీటిమీద గీసిన గీత. ప్రత్యాఖ్యానావరణ క్రోధము ఇసుకలో గీసిన గీత. గాలి వీచిన చెరిగిపోవును. అప్రత్యాఖ్యానావరణ క్రోధము ఎండిన నేలలో పడిన బీట. వాన కురిసినగాని పూడదు. అనంతానుబంధి క్రోధము బండరాతి పగులు, అది కలియదు.

ఈ తరగతులకు కాలపరిమితి కూడ చెప్పిరి. శ్వేతాంబర గ్రంథముల లెక్కలో మొదటిది పక్షము దినములు, రెండవది నాలుగు నెలలు, మూడవది సంవత్సరము, నాలుగవది జీవితాంతము. దిగంబర గ్రంథముల లెక్క ఇంకను కఠినము. మొదటిది అంతర్ముహూర్తము, అనగా 48 నిమిషములకు లోపల, రెండవది పక్షము, మూడవది ఆరు నెలలు, ఆపైన నిలిచినది నాలుగవ తరగతి. నాలుగవ తరగతి కోపము గలవానికి సమ్యగ్దర్శనమే కలుగదనియు, మూడవదానిలో నున్నవానికి శ్రావక వ్రతములు పట్టుబడవనియు, రెండవదానిలో నున్నవానికి ముని వ్రతములు దక్కవనియు శాస్త్రము.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. లోకము కోపమును వేడిని బట్టి కొలుచును. ఈ లెక్క నిలుకడను బట్టి కొలిచినది. కేకలు వేసి గంటకు మరచువానిని లోకము కోపిష్ఠి యనును. ఒక్కమాటయు అనక, పదిమందిలో నవ్వుచు, పదేండ్లు పగ దాచుకొన్నవానిని శాంతమూర్తి యనును. శాస్త్రము ఇరువురిని తూచినపుడు రెండవవాని తట్టయే బరువుగా దిగును. అయితే మొదటివాడును సంతోషింపరాదు. అతడు గీసినది తన మనసులో నీటిగీతయే కావచ్చును. ఆ కేకలు వినిన పసిబిడ్డ మనసులో అది రాతిగీత కావచ్చును. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమని సామెత ఊరక పుట్టలేదు.

వర్తకులకు తెలిసిన లెక్కతో దీనిని పోల్చవచ్చును. అప్పిచ్చి ప్రోనోటు వ్రాయించుకొన్నవాడు మూడు సంవత్సరములలో దావా వేయవలెను. లేనిచో 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ఆ నోటునకు కాలదోషము పట్టును. ఈలోపల బాకీదారుడు కొంత సొమ్ము కట్టి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసిన, గడువు మరల మొదటినుండి లెక్కకు వచ్చును. కోపము విషయమున జరుగునది ఇదియే. 20 సంవత్సరముల క్రిందట పెండ్లిలో తాంబూలము ముందుగా తన కీయలేదని అలిగినవాడు, ప్రతి పెండ్లిలోను ఆ కథను క్రొత్తవారికి చెప్పును. చెప్పినప్పుడెల్ల పాతనోటుకు క్రొత్త చెల్లు పడును. తాంబూలము ఇచ్చినవాడు చనిపోయి యుండవచ్చును. బాకీ మాత్రము సజీవము. సొమ్ము బాకీకి గడువుండవలెనని ప్రభుత్వము చట్టము చేసినది. కోపపు బాకీకి గడువుండవలెనని ధర్మము చెప్పినది. పక్షమున కొకటి, నాలుగు నెలలకొకటి, సంవత్సరమున కొకటి ప్రతిక్రమణములు ఏర్పడినవి ఈ గడువులకు సరిపోవునట్లే కలవు. పర్యూషణము చివర సంవత్సరీ నాడు క్షమాపణ కోరుటయు, దశలక్షణ పర్వము ఉత్తమ క్షమతో మొదలై క్షమావాణితో ముగియుటయు ఈ భావముతోనే. సంవత్సరము దాటనిచ్చిన కోపము రాయి యగును గనుక అది దాటక పూర్వమే లెక్క కొట్టివేయవలెను.

నేటి మనశ్శాస్త్రజ్ఞులు మరియొక త్రోవను వచ్చి ఈ చోటికే చేరిరి. కోపమును లోపల అణచరాదు, బయటికి వెళ్లగక్కిన చల్లారును అని చాలకాలము లోకము నమ్మినది. దిండును గుద్దుట, గిన్నెలు విసరుట మేలని చెప్పినవారును కలరు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అను పరిశోధకుడు దీనిని పరీక్షించి 2002లో ఫలితము ప్రకటించెను. తమకు కోపము తెప్పించినవానిని తలచుకొనుచు సంచిని గుద్దినవారికి కోపము తగ్గకపోగా హెచ్చెను; ఏమియు చేయక ఊరకున్నవారే మెరుగుగా నుండిరి. 2024లో ఆయనయు మరియొక పరిశోధకురాలును కలిసి 154 పరిశోధనలను, పదివేలకు పైగా మనుష్యుల వివరములను ఒకచోట చేర్చి చూచిరి. శరీరపు ఉద్రేకమును తగ్గించు పనులు, అనగా నిదానముగా శ్వాస విడచుట, ధ్యానము, యోగము మొదలగునవి, కోపమును తగ్గించుననియు, ఉద్రేకమును పెంచు పనులు తగ్గింపవనియు తేలినది. కోపము తలపుతో పెరుగును, తలచినకొలది క్రొత్తదగును. చెల్లు వ్రాయుట యన్నది ఇదియే గదా!

కోపము దేహమునకు చేయు కీడును కొలిచినవారును కలరు. 1995లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, తీవ్రమైన కోపము వచ్చిన తరువాతి రెండు గంటలలో గుండెపోటు వచ్చు అవకాశము రెండు రెట్లకు పైగా హెచ్చునని కనుగొనిరి.

1975లో రేమండ్ నొవాకో అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కోపనిగ్రహమును గూర్చి గ్రంథము వ్రాసెను. అప్పటినుండి వృద్ధియైన పద్ధతిలో సలహాదారుడు కోపిష్ఠిని తిట్టడు, నీతిపద్యములు చెప్పడు. మొదట కోపము వచ్చుచున్న జాడలను గుర్తించుట నేర్పును: దవడ బిగియుట, చెవులు వేడెక్కుట, మాట వేగమగుట. పిదప ఒక పుస్తకములో పద్దు వ్రాయించును: ఎప్పుడు వచ్చినది, ఎవరిమీద వచ్చినది, ఆ క్షణమున మనసు ఏమనుకొన్నది. ఈ మూడవ పద్దులోనే రహస్యమంతయు నుండును. “వాడు కావలెననియే చేసెను,” “నన్ను లెక్కచేయలేదు” అను రెండు మాటలే అనేక పర్యాయములు అచ్చట కనబడును. నిజముగా కావలెననియే చేసెనా? బండి ఆలస్యమైనదా, బిడ్డకు జ్వరము వచ్చినదా, లెక్క తప్పినదా? ఈ విచారణ చేయించుటయే సలహాదారుని ముఖ్యమైన పని. ఆ తరువాత కొంతసేపు ఆ చోటు విడచి పోవుట, శ్వాసను నిదానించుట, శాంతించిన పిదప చెప్పదలచినది సూటిగా చెప్పుట అభ్యసింపజేయును.

జైన గృహస్థునకు సామాయికము క్రొత్త కాదు. ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు, కదలక కూర్చుండి సమభావము అభ్యసించుటయే సామాయికము. నీటిగీత వంటి కోపమునకు దిగంబరులు చెప్పిన గడువు ముహూర్తమునకు లోపలనే గదా! కోపము వచ్చినపుడు సామాయికమునకు కూర్చున్నవాడు లేచునప్పటికి ఆ కోపము గడువు తీరవలెను. లేచిన తరువాతను అట్లే యున్నచో అది నీటిగీత కాదని ఆతడే గ్రహింపవచ్చును. ఇంతకంటె సులభమైన తూనిక మరియొకటి లేదు.

హితవు ఎట్లు చెప్పవలెనో చండకౌశికుని కథ చెప్పును. అతడు పూర్వజన్మమున ఒక ముని. భిక్షకు పోవు త్రోవలో అతని కాలిక్రింద ఒక కప్ప నలిగినది. వెంటనున్న చిన్న శిష్యుడు దానిని జ్ఞాపకము చేసెను. సాయంకాలము ప్రతిక్రమణ వేళ, ఆ దోషము చెప్పుకొనలేదే యని మరల జ్ఞాపకము చేసెను. ముని కోపముతో కొట్టబోయి స్తంభమునకు తల తగిలి మరణించెను. తరువాత కౌశికుడను తాపసుడై, తన తోటలో పండ్లు కోసిన రాజకుమారులను గొడ్డలితో తరుముచు గోతిలో పడి ఆ గొడ్డలికే బలియయ్యెను. పిమ్మట ఆ వనముననే చూపుతో చంపు సర్పమై పుట్టెను.

శిష్యుడు చెప్పినది అబద్ధము కాదు, అవమానమును కాదు. నిజమే చెప్పెను, కాని చెప్పినవాడు చిన్నవాడు. గుమాస్తా యజమానికి లెక్కలో తప్పు చూపినపుడును, కోడలు అత్తకు మాట జ్ఞాపకము చేసినపుడును, కుమారుడు తండ్రిని ప్రశ్నించినపుడును వచ్చు కోపము ఈ జాతిదే. అన్యాయమునకు వచ్చిన కోపముకంటె, చిన్నవారు చెప్పిన నిజమునకు వచ్చిన కోపము ఇండ్లలో ఎక్కువగా కనబడును. క్రోధమునకు మానము అన్నగారని ఇందువలన తెలియును.

మహావీరస్వామి ఆ వనమునకు పోయినపుడు జనులు వలదనిరి. పాము కరచినను స్వామి చలింపలేదు, కోపింపలేదు, పారిపోలేదు. చండకౌశికా, తెలిసికొనుమని మాత్రము పలికెను. పామునకు పూర్వజన్మములు గుర్తుకు వచ్చెను. అది మొదలు తన చూపు ఎవ్వరికిని తగులకుండ తల పుట్టలో దూర్చి, జనులు రాళ్లు రువ్వినను, చీమలు కుట్టినను సహించెను. సలహాదారునకు కావలసిన గుణములు మూడును ఇందు కలవు. కోపిష్ఠి దగ్గరకు పోవుటకు భయపడరాదు. అతని కోపమునకు తాను కోపింపరాదు. మాటలు కొద్దిగా నుండవలెను, ఆ మాటలు అతని కన్నులను తనవైపునకే త్రిప్పవలెను.

శ్రవణబెళగొళలో క్రీ.శ. 981 ప్రాంతమున చాముండరాయడు నిలిపించిన సుమారు 57 అడుగుల బాహుబలి విగ్రహమును ఈ చదువరులలో పలువురు దర్శించి యుందురు. ఆయన రాజధాని పోదనపురము నేటి తెలంగాణములోని బోధనే యని తలచువారు కలరు. విగ్రహపు ముఖమున శాంతి చూచి నమస్కరించినవారు, దాని వెనుక అన్నదమ్ముల యుద్ధమున్నదని మరతురు. బాహుబలి గెలువగలిగియు రాజ్యము విడచి తపస్సునకు నిలిచెను. అయినను సంవత్సరము గడచినను కేవలజ్ఞానము కలుగలేదు. చెల్లెండ్రు బ్రాహ్మీ సుందరులు వచ్చి, ఏనుగు దిగుమని చెప్పినపుడు, తాను ఎక్కియున్నది గర్వమను ఏనుగని ఆయనకు తెలిసినదని శ్వేతాంబరుల కథ. అన్న భరతుడే వచ్చి పూజించినపుడు మనసులోని ముల్లు తొలగినదని దిగంబరుల కథ. రెండింటిలోను సారమొకటే. అంతటి తపస్వికిని చివరి ముడి తనవారి రాకతో విడినది. ఒంటరిగా కొండమీద కోపము పోవునని తలచువారికి ఇది సమాధానము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. కోపమే లేకున్న అన్యాయమును ఎవరు ఎదిరింతురు? మోసగాడు మోసము చేయుచుండ చూచుచుండవలెనా? గృహస్థునకు శాస్త్రము అట్లు చెప్పలేదు. తన్ను తాను కాపాడుకొనుటలో జరుగు విరోధి హింసను వేరుగా లెక్కించి, తలపెట్టి చేయు సంకల్ప హింసను మాత్రమే తప్పక విడువవలెనన్నది. బాకీ ఎగవేసినవానిమీద దావా వేయవచ్చును, డిక్రీ పొందవచ్చును, వానికి మరల అరువీయకుండవచ్చును. వీనిలో దేనికిని పగ అక్కరలేదు. పగ లేనివాడే కాగితములు సరిగా చూచుకొని గెలుచును. పగ గలవాడు వకీలు ఫీజుకు అసలుకంటె హెచ్చు వ్యయము చేయును.

మరియొక సంగతి సంఘపు పెద్దలు మరువరాదు. పేదవాని కోపము పెదవికి చేటు అను సామెత పేదవానికి నీతి చెప్పినట్లు కనబడును గాని, లోకపు తీరును చూపుచున్నది. కోపము ప్రకటించు హక్కు బలవంతునిది, ఓర్పు బోధ బలహీనునిది యైనది. భర్త చేతిదెబ్బ తిన్న స్త్రీని పిలిపించి “ఓర్చుకొనుము తల్లీ, క్షమయే ధర్మము” అనుట కౌన్సెలింగు కాదు, ధర్మమును కాదు. కోపము ఎవరిదో హితవును వారికే చెప్పవలెను. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టము అట్టి స్త్రీకి రక్షణ కల్పించినది. 181 నెంబరుకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. క్షమ యనునది దెబ్బ తిన్నవారు తమంతట తాము ఈయవలసినది. పెద్దలు పంచాయతిలో వసూలు చేయవలసినది కాదు. చేయి చేసికొన్నవాడు మొదట చేయి దించవలెను, పిదప తప్పు ఒప్పుకొనవలెను, ఆ తరువాతనే క్షమ మాట.

ఇక క్షమాపణలు కోరు తీరు చూడుడు. సంవత్సరీ వచ్చినదనగా మిచ్ఛామి దుక్కడం అని అచ్చువేసిన కార్డులు వందలకొలది పోవుచుండెడివి. నేడు చరవాణిలో ఒక్క మీటతో వేయిమందికి పోవుచున్నవి. ఊరు పేరు తెలియని వ్యాపారస్థునకు సైతము క్షమాపణ అందును. ఒకే గోడ పంచుకొన్న రెండు అంగళ్ల అన్నదమ్ములను తలచుకొనుడు. తండ్రి పోయిన ఏట త్రాసు ఎవరికని మాట పెరిగి పలుకులు నిలిచినవి. ఇరువురును వందమందికి సందేశము పంపుదురు. ఆ గోడ దాటి మాత్రము పోదు. ఏ తప్పును చేయనివారిని వందమందిని క్షమించుట సులభము. తప్పు జరిగిన ఒక్కచోట క్షమాపణ పోనిచో, తక్కిన వందయు తపాలా ఖర్చే యగును.

అచ్చట మధ్యవర్తి చేయవలసినది స్వల్పము. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పనక్కరలేదు. త్రాసు విలువ కట్టనక్కరలేదు. ఒక్కొక్కరిని వేరుగా కలిసి, చెప్పుకొన్నదంతయు ఒక్కమారు అడ్డుపడక వినవలెను. రెండవమారు అదే కథ మొదలుపెట్టినపుడు, “నాయనా, ఇది విన్నాను, దీనిని ఎప్పటిదాక ఉంచుకొందువు?” అని మెల్లగా అడుగవలెను. కోపము విడువుమన్న మొండికెత్తువాడు సైతము, ఎప్పటిదాక యని అడిగిన ఆలోచనలో పడును. తానీ బాకీని కొడుకుల పేర వ్రాసి పోవుచున్నానా యని ఒక్కక్షణము తోచును. ఆ ఒక్కక్షణము చాలును.

ఈ ఏటి సంవత్సరీకి ముందు ప్రతి గృహస్థుడును తన మనసులోని పాత పద్దులను ఒక్కమారు తిరుగవేసి, సంవత్సరము దాటినవి ఎన్ని, దాటబోవునవి ఎన్ని యని చూచుకొనుట మేలు. వేయిమందికి సందేశము పంపక పూర్వము, అందులో లేని పేరు ఎవరిదో గుర్తించి, ఆ ఇంటి గడప త్రొక్కిన చాలును. పోయినవాడు చిన్నవాడు కాడు. గోడకు ఆవల నున్నవాడును అదే అడుగు కొరకు ఎదురుచూచుచుండవచ్చును.